గేరు పడతలేదంటే బాక్సు దించుడేనా?



ఇక్కడ మనం ఎప్పుడూ ఆకు గురించి, జ్వరాల గురించి, సున్నం, బ్లీచింగ్ గురించి, గూళ్ల ధర గురించి మాట్లాడుకుంటం. ఈసారి నేను బండి గురించి రాస్తున్న. పట్టుకీ పికప్ గేర్లకీ సంబంధం ఏందని అడిగేటోళ్లకు ఒక్కటే మాట. పురుగు షెడ్డులో పెరుగుతది గాని, పైసలు మాత్రం మార్కెట్టులోనే చేతికొస్తయి. షెడ్డుకీ మార్కెట్టుకీ నడుమ ఉన్నది బండే.

2018లో జాల్నాలో గూళ్ల మార్కెట్టు తెరిచినంక మనకు దూరం తగ్గింది. అయినా నాందేడ్ నుంచి జాల్నా సుమారు 200 కిలోమీటర్లు. ధర బాగుందని రామనగరం పోతే దేగ్లూర్, సంగారెడ్డి, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం దాటుకుంటూ దగ్గర దగ్గర 900 కిలోమీటర్లు. ఒక ఊరి నుంచి మూడు నాలుగు ఇళ్ల గూళ్లు ఒకే బండిలో పోతయి. అంటే నాలుగిళ్ల కష్టం ఒక్క క్లచ్ మీద, ఒక్క గేర్‌బాక్స్ మీద ఆధారపడి ఉన్నట్టే.

గూడు ఆగేది కాదు. చంద్రికల మీద ఎక్కించిన ఆరో ఏడో రోజుకు గూళ్లు ఏరుతం. లోపల ప్యూపా బతికే ఉంటది, ఊపిరి తీస్తది, వేడి పుట్టిస్తది. రోజు గడిచిన కొద్దీ తూకం పడిపోతది. ఇంకో వారం దాటితే చిలుక గూడు చీల్చుకొని బయటకొస్తది, ఆ గూటి నుంచి తెగకుండా దారం రాదు. మన ఎండకాలంలో సంచులు ఒకదాని మీద ఒకటి పడేసి బండి రోడ్డు పక్కన ఆగితే, లోపలి ప్యూపా చచ్చి గూటికి మరక పడతది. అట్లాంటి సరుకు చూసి రీలరు ధర తగ్గిస్తే మనం అనేదేముంది? అందుకే పంట చేతికొచ్చే రోజుల్లో "గేరు పడతలేదు" అనే మాట నాకు "పురుగు ఆకు తింటలేదు" అన్నట్టే వినపడతది.

ఇక్కడే నా అభ్యంతరం. పురుగు ఆకు తినకపోతే మనం వెంటనే గుడ్లు బాగలేవు అని తేల్చెయ్యం. ముందు తడి-పొడి థర్మామీటర్ చూస్తం. 25 డిగ్రీలు దాటిందా, తేమ 70కి అటూ ఇటూ ఉందా చూస్తం. ఆకు ముదిరిందా, పక్క చేనులో మందు కొట్టిన్రా అని అడుగుతం. తేలిక కారణం నుంచి పెద్ద కారణం దాకా ఒక వరుసలో పోతం. మరి బండి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతది? గేరు కర్రుమనగానే "గేర్‌బాక్స్ ఖోల్నా పడేగా" అని ఒక మాట వింటం, సరే అని తాళంచెవి ఇచ్చేస్తం.

గేర్‌బాక్స్ దించుడు అంటే వేలల్లో ఖర్చు, రెండు మూడు రోజులు బండి బంద్. గేరు సరిగ్గా పడకపోవడానికి కారణం ప్రతిసారీ బాక్సులోనే ఉండదు. చాలాసార్లు బయటే ఉంటది. అది తెలుసుకోవడానికి పానా కూడా అక్కర్లేదు, చెవి, కాలు, ఓపిక ఉంటే చాలు.

మొదటి పరీక్ష ఇది. చదునైన చోట బండి పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, టైర్లకు రాళ్లు పెట్టి, ఇంజిన్ బంద్ చెయ్యాలె. క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వరుసగా వెయ్యాలె. ఇంజిన్ బంద్ ఉన్నప్పుడు గేర్లు నున్నగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రం పడకపోతే, లోపం ఎక్కువసార్లు క్లచ్ దిక్కే ఉంటది. అంటే పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోతలేదు, ఇంజిన్ ఇంకా గేర్‌బాక్స్‌ను తిప్పుతనే ఉంది. ఇంజిన్ బంద్ ఉన్నా గేర్లు బిగుసుకుంటున్నయంటే గేర్ రాడ్డు కింది కేబుళ్లు, లింకులు, బుష్‌లు చూడాలె. అవి బాగుంటేనే బాక్సు లోపలి మాట.

రెండో పరీక్ష రివర్స్‌తోటి. ఇంజిన్ స్లోలో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి, మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వెయ్యాలె. లోపల తిరిగేవి ఆగే టైమ్ ఇచ్చినా కర్రుమన్నదంటే క్లచ్ విడుస్తలేదని దాదాపు ఖాయం. ఐదు లెక్కపెట్టినంక నున్నగా పడితే బండిది కాదు, మన తొందరది తప్పు. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రో రింగు ఉండదు, అది ఆగినంకనే పడతది.

క్లచ్ అనుమానం వచ్చిందంటే కూడా వెంటనే క్లచ్ ప్లేటు కొనాల్సిన పని లేదు. ముందు కాలు కింద చూడాలె. మందంగా ఉండే మ్యాట్ పెడల్ కిందికి జరిగి ఉంటది, పెడల్ చివరి దాకా పోదు. అది తీసేస్తే రోగం పోతది. తర్వాత క్లచ్ ఆయిల్ డబ్బా. చాలా పికప్‌లకు క్లచ్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తది, అందులో పోసేది బ్రేక్ ఆయిలే. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. పెడల్ దగ్గర పైన మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ పక్కన కింది సిలిండర్, రెండూ చేత్తో తడిమి చూడాలె. పెడల్‌ను నాలుగైదు సార్లు గబగబా పంపు కొట్టినట్టు తొక్కితే గేరు సులువుగా పడిందనుకో, పైపులో గాలి చేరింది లేదా సిలిండర్ రబ్బర్లు పోయినయి. దానికి బాక్సు దించే పని సాధారణంగా పడదు. కొన్ని బండ్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే డబ్బా ఉంటది. అట్లాంటి బండిలో ఆయిల్ తగ్గితే గేరు కంటే ముందు బ్రేకు గురించి భయపడాలె. కేబుల్ క్లచ్ ఉన్న బండికి కేబుల్ పోగులు తెగినయా, సెట్టింగ్ జారిందా చూసుకోవాలె.

పోయిన వానాకాలం మా దిక్కు ఒక పికప్‌కు గేరు పడుడు ఆగింది. గూళ్లు ఏరుడు నాలుగు రోజులు ఉంది. బాక్సు దించాలన్నరు, అడ్వాన్స్ కూడా అడిగిన్రు. ఊళ్లో ఒక పాత లారీ డ్రైవర్ కాక వచ్చి, పంపు కొట్టి తొక్కి చూసి, బండి కిందికి వంగి, చెయ్యి తుడుచుకొని, "బాక్సుకు ఏం కాలే బిడ్డా, కింది సిలిండర్ కారుతుంది" అన్నడు. సిలిండర్ కిట్ వేసి గాలి తీస్తే అదే సాయంత్రం బండి తయారైంది. మెకానిక్‌కు మోసం చేసే ఆలోచన ఉందని నేననను. ఆయనకు మనం చెప్పింది "గేరు పడతలేదు" అన్న ఒక్క ముక్కే. ఇంజిన్ బంద్ చేస్తే పడుతుందా, పంపు కొడితే పడుతుందా అని మనం చెప్పలే, ఆయన అడగలే.

మన నేల గురించి కూడా చెప్పాలె. నల్లరేగడిలో వానకు బండి దిగబడితే ఫస్ట్ గేరులో క్లచ్ సగం వదిలి గింజుకుంటం. మల్బరీ కొమ్మలు నింపేటప్పుడు, ఎవరో ఒకరు క్లచ్ మీద కాలు పెట్టే బండిని అంగుళం అంగుళం జరుపుతరు. సగం క్లచ్ మీద నడిపిన ప్రతి నిమిషం క్లచ్ ప్లేటును కాలుస్తది, కాలు పెట్టే ఉంచితే రిలీజ్ బేరింగ్‌ను అరగదీస్తది. బురద ఎండి లింకుల రబ్బరు టోపీల్లో గట్టిపడితే గేర్ రాడ్డు బిగుస్తది. కడిగి, బుష్‌లకు గ్రీజు పెడితే పోయేదాన్ని కూడా "బాక్సు పోయింది" అంటున్నం.

ఇక లోపల రోగం ఉంటే ఎట్ల తెలుస్తది? అన్ని గేర్లూ బాగుండి ఒక్క గేరు, ఎక్కువగా సెకండ్, కర్రుమంటే సింక్రో రింగు అరిగినట్టు. ఈ రింగు పని రెండు గేర్ల వేగం ఒకటి చేసి కలపడం. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో ఇది మొదలైంది. అంతకు ముందు, ఇక్కడి పాత లారీల్లో ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, డ్రైవర్లు గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కేటోళ్లు. ఇప్పుడు కూడా అట్ల రెండుసార్లు తొక్కి న్యూట్రల్ మీదుగా వేస్తే ఆ ఒక్క గేరు నున్నగా పడిందంటే, రింగు మీద అనుమానం గట్టిపడ్డట్టే. వేసిన గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌కు వస్తుంటే మౌంటింగులు చూసి తర్వాత లోపలి ఫోర్కులు చూడాలె. న్యూట్రల్‌లో కూత వచ్చి క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్ బేరింగ్. క్లచ్ తొక్కితేనే చప్పుడొస్తే రిలీజ్ బేరింగ్. గేరు పడ్డంక క్లచ్ వదలంగనే వెనక "టక్" మని కొడితే అది గేర్‌బాక్స్ కాకుండా కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసో, సెంటర్ బేరింగో కావచ్చు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా ఉండి, పది కిలోమీటర్లు పోయినంక సులువైతే ముందు గేర్ ఆయిల్ చూడాలె. పక్కనున్న ప్లగ్గు తీస్తే, చదునైన చోట ఆయిల్ ఆ రంధ్రం అంచు దాకా ఉండాలె. పాత ఆయిల్ వంపినప్పుడు ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలే. ఇనుప ముక్కలుంటే ప్రమాదం. ఆయిల్‌లో పసుపురంగు మెరుపుంటే ఇత్తడి రింగులు అరుగుతున్నయి. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని రాసి ఉంటది. రెండూ ఒకటి కాదు. వెనక హౌసింగ్‌కు పోసే ఆయిల్‌నే ముందు బాక్సులో పోస్తే కొన్ని బండ్లలో రింగులకు నష్టం. బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాస్తే అదే పొయ్యాలె, షాపాయన దగ్గర ఏది మిగిలితే అది కాదు.

"మనకెందుకన్నా ఇదంతా, మెకానిక్ పని మెకానిక్‌ది" అనేటోళ్లున్నరు. విప్పే పని ఆయనదే, ఒప్పుకుంట. కాని లక్షణం చెప్పే పని బండి నడిపేటోనిది. బర్రెకు రోగమొస్తే డాక్టర్‌కు మేత తిన్నదా, నెమరేసిందా అని మనమే చెప్తం. అట్లనే బాక్సు దించే ముందు మూడు మాటలు అడుగుదాం. ఇంజిన్ బంద్ చేసి గేర్లు వేసి చూసినవా? క్లచ్ ఆయిల్, సిలిండర్లు చూసినవా? గేర్ ఆయిల్ ఏ రంగున్నది చూపిస్తవా? విప్పినంక పాత సామాను మన చేతికి ఇవ్వమందాం. చూసి రోగం చెప్పినందుకు కూలి వేరే ఇద్దాం. చూడ్డానికి పైసలియ్యకుండా విప్పినందుకే ఇస్తుంటే, విప్పుడే ఎక్కువైతది.

"పాత బండి, ఎట్లయినా అరిగినదే" అనే మాటలోనూ నిజం ఉంది. పరీక్షలన్నీ చేసినంక రోగం లోపలే అని తేలితే ఇంకో ట్రిప్పు, ఇంకో ట్రిప్పు అని లాగొద్దు. విరిగిన ముక్క మిగతా గేర్లను కూడా తింటది. నేను చెప్పేది ఖర్చు ఎగ్గొట్టుమని కాదు, సరైన చోట పెట్టుమని.

ఇంకోటి ఉమ్మడి బండ్ల సంగతి. నలుగురి గూళ్లు తీసుకపోయే బండికి నలుగురు డ్రైవర్లు, యజమాని లేనట్టే. సోయాబీన్‌కు ఒకరు, ఎరువుకు ఒకరు, ఇసుకకు ఒకరు తోలుతరు. ఎవరి చేతిలో చెడ్డదో ఎవరూ ఒప్పుకోరు. బండిలో ఒక నోట్‌బుక్ పెట్టాలె. దింపినోడు తేదీ, కిలోమీటర్లు, ఏ గేరు కష్టంగా పడ్డది ఒక్క లైన్ రాయాలె. ట్రిప్పుకు ఇంత అని రిపేరు డబ్బా ఒకటి ఉండాలె. అట్లనే నేను కూర్చున్న పట్టు శిక్షణల్లో బెడ్ క్లీనింగ్ గురించి గంటలు గంటలు చెప్పిన్రు, బండి మాట ఒక్కసారి కూడా రాలే. గూళ్లు జాగ్రత్తగా మోసుడు కూడా పట్టు పనే. ఒక గంట దానికీ పెట్టుమని మనం అడగాలె.

బండి పని చేసి అదే చేతులతో షెడ్డులోకి పోవద్దు. డీజిల్, ఆయిల్ వాసన ఆకుకు అంటొద్దు. గేర్ ఆయిల్ డబ్బా ఆకు సంచుల పక్కన పెట్టొద్దు. ఇది మీకు చెప్పనక్కర్లేదు గాని తొందరలో మరిచిపోతం.

చివరగా ఒక్క పని అడుగుతున్న. చాకీ పురుగులు మీ షెడ్డుకు వచ్చిన రోజే, పురుగులు సర్దినంక, బండి దగ్గర పది నిమిషాలు కూర్చుని ఆ రెండు పరీక్షలు చెయ్యండి. ఆ రోజు నుంచి గూళ్లు ఏరే దాకా మూడు వారాల టైమ్ ఉంటది. సిలిండర్ కిట్ తెప్పించడానికైనా, నిజంగా బాక్సు దించడానికైనా ఆ టైమ్ సరిపోతది. గూళ్లు సంచుల్లోకి ఎక్కినంక బయటపడితే మాత్రం మెకానిక్ చెప్పిందే రేటు, రీలరు చెప్పిందే ధర.