కాలు ఇస్తే సరిపోదు

1968 ప్రాంతంలో డాక్టర్ పి.కె.సేథీ, శిల్పి రామచంద్ర శర్మ రూపొందించిన జైపూర్ పాదంతో మనవాళ్లు చెప్పుల్లేకుండా నడవగలరు, గొంతుక్కూర్చోగలరు, పొలంలో దిగగలరు. అయినా శిబిరాల్లో ఇచ్చిన కాళ్లు కొన్ని ఇళ్లలో అటకెక్కడం మేము చూస్తున్నాము. లోపం కాలిది కాదు, తర్వాత చూసేవారు లేకపోవడం. మొండి భాగంలో కండ తగ్గితే సాకెట్ వదులై, ఒరుసుకొని పుండు పడుతుంది. దాన్ని సరిచేయించాలంటే కూలి మానుకొని పట్నం రావాలి. అందుకే మరిన్ని శిబిరాల కన్నా, ఊరికి దగ్గరలో ఫిజియోథెరపిస్టు, మరమ్మతు కేంద్రం ముఖ్యమని మా అభిప్రాయం.

కుటుంబాలకు మా మనవి: మోకాలి దిగువన కాలు తీసేసినవారికి మోకాలి కింద దిండు పెట్టకండి, కీలు వంగి బిగుసుకుపోతుంది. మొండి భాగాన్ని రోజూ కడిగి, ఆరబెట్టి చూడండి. పుండు పడితే కృత్రిమ కాలు తొడగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.