ఆఖరి అరక అమ్ముకునే ముందు

ఏరువాక పున్నమి దగ్గరపడుతున్నది. ఒకప్పుడు ఆ రోజు ఊళ్లో ఏ కొట్టం ముందు చూసినా ఎడ్లకు స్నానాలు, కొమ్ములకు రంగులు, మెడల్లో గంటలు. ఇప్పుడు చాలా ఊళ్లలో ట్రాక్టరు ముందు కొబ్బరికాయ కొట్టడంతో ఏరువాక అయిపోతున్నది. మన సంఘం సభ్యుల్లోనే అరక ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాల్సిన ఊళ్లున్నాయి. ఇతరులను అనేముందు మా సంగతి చెప్పాలి. ఈ మాటలు రాస్తున్న మాలోనూ ఎడ్లు అమ్ముకున్నవాళ్లం ఉన్నాం.

ట్రాక్టరును తిట్టడానికి ఈ సంపాదకీయం రాయడం లేదు. ఎండాకాలం లోతు దుక్కికి, అదును దాటిపోతున్నప్పుడు గబగబా దున్నుకోవడానికి దాన్ని మించింది లేదు. మా ప్రశ్న వేరు. ట్రాక్టరు వచ్చింది కాబట్టి ఎద్దు పోవాలని ఎవరు నిర్ణయించారు? పోతే నష్టం ఎవరికి?

ట్రాక్టరు బలాన్ని హార్స్ పవర్‌లో చెప్తారు. ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి జేమ్స్ వాట్ 18వ శతాబ్దంలో తెచ్చిన కొలత అది. మన దగ్గర గుర్రం జట్కాకు కట్టారు గాని నాగలికి కట్టలేదు. పాడేరు ఏజెన్సీ కొండల్లో ఇప్పటికీ గుర్రాల మీద సంతకు సరుకు మోస్తారు. మన దుక్కి బలం మాత్రం ఎద్దే. ఒక జత ఎడ్లు కలిసి సుమారు ఒక హార్స్ పవర్ ఇస్తాయి. నలభై అయిదు హార్స్ పవర్ల ట్రాక్టరు ముందు అదెంత అని అడుగుతారు. కాని అడగాల్సింది మనకున్న భూమికి ఎంత బలం కావాలని. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. రెండున్నర ఎకరాల కోసం నలభై అయిదు గుర్రాలను అప్పు తెచ్చి ఇంటి ముందు కట్టేసుకోవడం ఏం లెక్క? సొంతంగా కొనలేనివాళ్లం కిరాయికి పిలుస్తాం. అందరికీ ఒకేసారి అదును వస్తుంది కాబట్టి చిన్న రైతు వంతు చివరికి వస్తుంది. డీజిల్ ధర పెరిగిన ప్రతిసారీ కిరాయి పెరుగుతుంది. తగ్గినప్పుడు మాత్రం తగ్గదు.

మాకు తెలిసిన ఒక యువ రైతు తనకున్న మూడెకరాలకు తోడు ఊళ్లో కిరాయికి తోలుకోవచ్చని ట్రాక్టరు తెచ్చాడు. మరుసటి ఏడాదికే ఊళ్లో ఇంకో నాలుగు ట్రాక్టర్లు వచ్చాయి. కిరాయి దొరకలేదు, కిస్తీలు తప్పాయి. ఒక ఫైనాన్సు కంపెనీ మనుషులు కల్లం దగ్గర నుంచే బండి తీసుకుపోయారు. ఆ ట్రాక్టరు కోసం అమ్మిన ఎడ్లు తిరిగి రాలేదు.

బొగ్గుబావుల పక్కన బతికే మనకు ఈ కథ కొత్త కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. అదే కాలంలో ఏడాది బొగ్గు ఉత్పత్తి రెండు కోట్ల టన్నుల లోపు నుంచి ఏడు కోట్ల టన్నుల దాకా పెరిగింది. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన రోజులు మళ్లీ రావాలని ఏ కార్మికుడూ కోరడు, మేమూ కోరం. కాని యంత్రం వచ్చినప్పుడు పని ఎవరిది పోయింది, లాభం ఎవరికి చేరింది అని బావి దగ్గర అడిగిన మనం, పొలం దగ్గర అదే ప్రశ్న అడగడం మరిచిపోయాం.

ఎద్దు పోతే పోయేది దుక్కి ఒక్కటే కాదు. మన జిల్లాలో పత్తి ఎక్కువ. మొక్క మోకాలి ఎత్తు దాటాక సాళ్ల మధ్య పెద్ద ట్రాక్టరు తిరగలేదు. అచ్చు తోలి రెండు వైపులా సాళ్లు పెట్టిన చేనులో నిలువూ అడ్డం గుంటుక తోలితే కలుపు పోతుంది, నేల గుల్లబారుతుంది, తేమ నిలుస్తుంది. గుంటుక లేని చేనుకు ఏం వస్తున్నది? గడ్డిమందు వస్తున్నది. ఆ మందు తట్టుకుంటుందని చెప్పి, అనుమతి లేని పత్తి విత్తనం దొంగచాటుగా వస్తున్నది. మొలవకపోయినా, పంట పోయినా ఆ విత్తనానికి రసీదు ఉండదు, నష్టపరిహారం అడిగే దారీ ఉండదు. అరక అమ్మిన నాడు ఇదంతా మన లెక్కలో లేదు.

పెంట సంగతి చూడండి. ఒక ఎద్దు రోజుకు సుమారు పది కిలోల పేడ వేస్తుంది. జతకు ఏడాదికి ఏడు టన్నులు. 2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డది మనమే. పేడ ఒక్కటే యూరియాకు బదులు కాదు, నిజమే. కాని పెంట పడని నేలకు ఎన్ని బస్తాలు చల్లినా చాలడం లేదని మన చెల్కలే చెప్తున్నాయి.

ఎడ్లను సాకడం తేలికని మేము అనడం లేదు. పని కొన్ని నెలలే, మేత మాత్రం ఏడాదంతా. హార్వెస్టర్ కోసిన మడిలో గడ్డి సగం బురదపాలవుతున్నది, మిగిలింది కట్టలు కట్టించాలంటే మళ్లీ కిరాయి. మేత భూములు ఓపెన్‌కాస్టుల కిందికి, ప్లాట్ల కిందికి పోయాయి. పేడ తీయడం, కుడితి పెట్టడం ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల మీదే పడుతున్నది. ఎడ్లు ఉండాలని సభల్లో మాట్లాడే మగవాళ్లం ముందు ఆ పనిలో సగం పంచుకోవాలి. ఇంకొకటి, ముసలి ఎద్దును అంగడికి తోలుకుపోయే రైతును, కొన్న వ్యాపారిని దారిలో ఆపి బెదిరిస్తుంటే కొత్త కోడెలను కొనే ధైర్యం ఎవరికి ఉంటుంది? 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో ఆవులు 18 శాతం పెరిగితే ఎడ్లు, కోడెలు సుమారు 30 శాతం తగ్గాయి. ఆవును పూజించే దేశంలో ఎద్దుకు పట్టిన గతి ఇది.

వేరే దారి లేదా అంటే, ఉన్నది. సోవియట్ యూనియన్ కూలి చమురు రావడం ఆగిపోయినప్పుడు, 1990లలో క్యూబా మళ్లీ ఎడ్లకు శిక్షణ ఇచ్చి కాడి కట్టింది. అమెరికాలో ఆమిష్ రైతులు ఇప్పటికీ గుర్రాలతో దున్నుతున్నారు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లోనే 1970లు, 80లలో ఎడ్లు లాగే చక్రాల పనిముట్టు ట్రాపికల్టర్‌ను ప్రయత్నించారు. దున్నడం, విత్తడం, కలుపు తీయడం అన్నీ దానితోనే. కాని ఖరీదు ఎక్కువై చిన్న రైతు చేతికి రాలేదు. ట్రాక్టరుకు ఇచ్చిన సబ్సిడీలు, అప్పులు ఇలాంటి పనిముట్లకూ అంతే పట్టుదలతో ఇచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది. మనం కొనే చమురులో 85 శాతానికి పైగా విదేశాలదే. ఎక్కడో యుద్ధం మొదలైతే ఇక్కడ దుక్కి ఖర్చు పెరుగుతున్నది. ఎద్దు మేసే గడ్డి మాత్రం మన ఒడ్డు మీదే మొలుస్తుంది.

అందుకే మేము ఈ డిమాండ్లు ముందు పెడుతున్నాం. యంత్రాలకు సబ్సిడీ ఇస్తున్న ప్రభుత్వం అయిదెకరాల లోపు రైతుకు ఎడ్ల జత మీద, ఎడ్ల పనిముట్ల మీద కూడా సబ్సిడీ ఇవ్వాలి, సాకుడు ఖర్చుకు ఏటా సాయం చేయాలి. యంత్రాలు కిరాయికిచ్చే కేంద్రాల్లో అరకలనూ చేర్చి ధర నిర్ణయించాలి. అప్పుడు అరక ఉన్నవాళ్లకు పని, లేనివాళ్లకు గుంటుక దొరుకుతాయి. మొద్దులు, రాళ్ల మధ్య సాగు చేసే పోడు రైతులకు ఇందులో మొదటి వంతు ఇవ్వాలి. జిల్లా ఖనిజ నిధి మన నేల తవ్విన బొగ్గు మీద వచ్చిన డబ్బు. దాంట్లోంచి పశువుల డాక్టర్లకు, మందులకు, నీటి తొట్లకు కేటాయించాలి. తవ్వకం అయిపోయి పూడ్చిన ఓపెన్‌కాస్టు భూముల్లో కొంత ఆ ఊళ్ల పశువుల మేతకు వదలాలి. చట్టప్రకారం పశువులు అమ్ముకునే రైతుకు దారిలో రక్షణ కల్పించాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేయగలిగింది ఉన్నది. ఈ నెల గ్రామ కమిటీ సమావేశంలో ఊళ్లో ఎన్ని జతలు మిగిలాయో, ఎవరికి గుంటుక అవసరమో రాసుకోండి. ఒక్క ఎద్దే ఉన్న ఇద్దరు రైతులు కలిస్తే ఒక అరక అవుతుంది. ఆ పొత్తులు మన తాతలకు తెలుసు. ఏ సభ్యుడైనా ఎడ్లను అంగడికి తోలాలనుకుంటే ముందు కమిటీకి చెప్పమనండి. కొనుక్కునే రైతు పక్క ఊళ్లోనే ఉండవచ్చు. ఆ జాబితాలు మండల కమిటీలకు చేరితే వాటిని తీసుకొని కలెక్టరు కార్యాలయానికి అందరం కలిసి పోదాం.