మణికట్టు నొప్పితో ఆట

వెంగళరావు నగర్ నుంచి ఒక తల్లి వ్రాశారు. పదమూడేళ్ళ అమ్మాయి టెన్నిస్ నేర్చుకుంటోందట. రెండు నెలలుగా కుడి మణికట్టు నొప్పి. ఆటకు ముందు నొప్పి మాత్ర, వచ్చాక తైలంతో మర్దనా. సానియా మీర్జా నొప్పితోనే ఆడి అంత పేరు తెచ్చుకోలేదా అని అడుగుతున్నారు.

అమ్మా, ఆమె కథ పూర్తిగా వినండి. మన హైదరాబాదులో పెరిగిన సానియా 2007లో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానానికి చేరింది. ఆమె ఫోర్‌హ్యాండ్ అంటే ఎదుటివాళ్ళకు బెదురు. ఆ దెబ్బ బరువంతా మోసింది మణికట్టే. 2008లో దానికి ఆపరేషన్ చేయవలసివచ్చింది. అదే ఏడు బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ మధ్యలోనే నొప్పితో తప్పుకుంది. కొన్నేళ్ళకు సింగిల్స్ పూర్తిగా మానేసింది. డబుల్స్‌లో కోర్టు సగమే కాచుకోవాలి కదా! అక్కడ 2015లో ప్రపంచ ప్రథమ స్థానం అందుకుంది. 2018లో తల్లయి, 2020లో తిరిగి వచ్చి హోబార్ట్‌లో టైటిల్ గెలిచి, 2023లో 36వ ఏట ఆట విరమించింది. భారం తగ్గించుకున్నది కనుకనే అన్నాళ్ళు ఆడగలిగిందని నా అభిప్రాయం.

ఇక మీ అమ్మాయి సంగతి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. వాటి మీదుగా వేళ్ళకు స్నాయువులు పోతాయి. మనవాళ్ళు "నరం పట్టింది" అంటారు గాని, చాలాసార్లు అది నరం కాదు, స్నాయువుల వాపు. పైగా ఈ వయసులో ముంజేతి ఎముక చివర ఇంకా పెరిగే భాగం మెత్తగా ఉంటుంది. రోజూ దెబ్బ తగులుతుంటే ఆ పెరుగుదలే కుంటుపడవచ్చు. మాత్ర వేసి ఆడిస్తే నొప్పి తెలియదు, లోపల దెబ్బ మాత్రం ఆగదు. కనుక మాత్రా, మర్దనా రెండూ ఆపండి.

రెండు నెలల నొప్పిని ఇంట్లో ఉంచుకోకూడదు. ఎముకల డాక్టరుకు ఈ వారమే చూపించండి. అంతవరకు రాకెట్ పట్టనివ్వకండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు, రోజుకు రెండుమూడుసార్లు పెట్టండి. కాళ్ళకు విశ్రాంతి అక్కరలేదు. కృష్ణకాంత్ పార్కులో హాయిగా నడవనివ్వండి. రాకెట్ పిడి ఆమె చేతికి లావుగా ఉందేమో కోచ్‌ను చూడమనండి. చాలామంది పిల్లలు అన్నల రాకెట్లతో ఆడుతుంటారు!

డాక్టరు సరేనన్నాక మొదటి వారం పదిహేను నిమిషాల ఆట చాలు. సర్వీసులు అన్నిటికన్నా చివర మొదలుపెట్టాలి.