జామాయిల్ తోటకు ఆరంగుళాల మట్టి పరీక్షా?

జామాయిల్ వేస్తే భూమి చచ్చిపోతుందని కొందరు, ఏమీ కాదని కొందరు ఏళ్ల తరబడి వాదిస్తూనే ఉన్నారు. ఏ చేనులో, ఎంత లోతున మట్టి తీసి చూశారని అడిగితే ఇద్దరూ నోరు మెదపరు.

2015లో వచ్చిన భూసార కార్డులో 12 అంశాలున్నాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ దగ్గర్నుంచి జింకు, బోరాన్ దాకా చూస్తారు. మంచిదే. కానీ మట్టి తీసేది పైన ఆరేడు అంగుళాలే. వరికి అది చాలు. జామాయిల్ వేరు అంతకు ఎన్నో రెట్ల లోతుకు పోతుంది. పైగా రాలిన ఆకు పక్కకు తీయకుండా మట్టి ఎత్తితే సేంద్రియ కర్బనం ఎక్కువ చూపిస్తుంది. పైన్ సూదుల్లాగే ఆ ఆకు కూడా తొందరగా కుళ్లదు. ఇక నీళ్లు ఇంకుతున్నాయా, కర్ర లారీలు తిరిగి నేల గట్టిపడిందా అన్నదానికి కార్డులో గడే లేదు.

దెబ్బ తగిలేది కౌలు రైతుకు. ఆసామి మూడు కోతలు తీసుకుని, మోళ్లు పీకించి, మిరపకని కౌలుకిస్తాడు. పీకిన గోతుల్లోంచి అడుగు మట్టి పైకొస్తుంది. చేను ఒకచోట ఎదిగి ఒకచోట గిడసబారుతుంది. కార్డు మాత్రం ‘మధ్యస్థం’ అంటుంది. కౌలు మాత్రం ముందే కట్టాలి!

అందుకే నాటే ముందొకసారి, ప్రతి కోత తర్వాత ఒకసారి మూడడుగుల గొయ్యి తీసి, అడుగుకో నమూనా విడిగా కట్టండి. ఎరువు సంచిలో మాత్రం వేయొద్దు. పక్కనే చెట్లు వేయని చేనులో కూడా అలాగే తీయాలి. పోల్చి చూడకపోతే ఆ అంకెలు దేనికీ పనికిరావు. అడుగు తీసేసిన డబ్బాను నాలుగు వేళ్ల లోతు దిగ్గొట్టి, చెంబెడు నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకాయో రెండు చేలలోనూ చూడండి. దీనికి ల్యాబు అక్కర్లేదు.

బెరడులో కాల్షియం ఎక్కువ. బెరడు, ఆకు, రెమ్మ చేనులోనే వదలండి, తగలబెట్టకండి.

మిల్లులు మొక్కలిచ్చి కర్ర కొనే ఒప్పందాల్లో ఈ పరీక్షల ఖర్చు వాళ్లదేనని రాయించాలి. వ్యవసాయ శాఖ ల్యాబులు లోతు నమూనాలు తీసుకోవాలి, ఫలితం కాగితం కౌలు రైతు చేతికీ ఇవ్వాలి. మండల కమిటీలు ఈ మూడు డిమాండ్లనూ వినతిపత్రంలో చేర్చాలని నా కోరిక.