వంకాయకు అడిగారు, వరికి అడగరా?

2025 ఖరీఫ్‌లో టెక్కలి దగ్గర ఊడ్పులకు వచ్చిన కూలి స్త్రీలతో మాట్లాడుతూ కొత్త వరి వంగడం సంగతి చెప్పాను. "ఆ బియ్యం తింటే మాకేటీ అవదని ఎవులు చూసినారమ్మా?" అని ఒకామె అడిగింది. నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను.

ఆ వంగడం డి.ఆర్.ఆర్. ధాన్ 100, 'కమల'. మన సాంబ మసూరి నుంచే హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. కేంద్ర వ్యవసాయ మంత్రి 2025 మే 4న ఢిల్లీలో ప్రకటించారు. బి.టి. పత్తిలో మట్టిలోని బాక్టీరియా జన్యువును తెచ్చి మొక్కలో చేర్చారు. ఇందులో బయటి జన్యువు ఉండదు. వరిలో ఉన్న జన్యువునే క్రిస్పర్ పద్ధతిలో కత్తిరించి, కంకికి గింజలు పెరిగేలా మార్చారు. ఈ తేడా చూపించే 2022 మార్చిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఇటువంటి మొక్కలను జన్యుమార్పిడి పంటలకున్న అనుమతుల విధానం నుంచి మినహాయించింది.

బి.టి. వంకాయ విషయంలో ఇలా జరగలేదు. 2009 అక్టోబరులో నిపుణుల కమిటీ అనుమతించినా, హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టారు. 2010 ఫిబ్రవరి 9న మంత్రి జైరాం రమేష్ దాన్ని నిలిపివేశారు. కూరకు అడిగినవాళ్ళు అన్నానికి ఎందుకు అడగరు?

"హాని ఉన్నట్టు రుజువు లేదు" అంటారు. ఈ మాట బరువెంతో ఉద్దానం స్త్రీలకు తెలుసు. అక్కడి మూత్రపిండాల జబ్బుకు కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యేనాటికే ఎందరో స్త్రీలు భర్తలను డయాలసిస్‌కు తిప్పి, అప్పులపాలై, చివరికి ఒంటరిగా మిగిలారు. ఆ జబ్బుకూ ఈ వరికీ సంబంధం ఉందని నేననడం లేదు. రుజువు దొరకకపోవడమూ హాని లేకపోవడమూ ఒకటి కాదంటున్నాను. రుజువు కోసం ఎదురుచూసే కాలమంతా చాకిరీ ఆడవాళ్ళ మీదే పడుతుంది.

నేను శాస్త్రానికి వ్యతిరేకిని కాను. ఎక్కువ దిగుబడి చిన్న రైతు కుటుంబాల స్త్రీలకూ అవసరమే. అయితే పరీక్షల వివరాలు తెలుగులో బయటపెట్టాలి. విత్తనం మీద హక్కు ఎవరిదో చెప్పాలి. చర్చలు నగరాల్లోనే కాక టెక్కలిలో, పలాసలో కూడా, కూలి పోగొట్టుకోకుండా ఆడవాళ్ళు రాగలిగే వేళ జరపాలి. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆ వరిని తయారుచేసినవాళ్ళు. ఆ ప్రశ్నను వాళ్ళ ముందుకు తీసుకువెళ్ళే పని మన సంఘాలది.