బిడ్డకు పాలు పొలమారుట

అన్నము తినునపుడు ఎవరికైనను పొలమారినచో నెత్తిపై తట్టి, "నిన్నెవరో తలచుకొనుచున్నారు" అనుట మన యిండ్ల వాడుక. పొరుగున నున్న తమిళ సోదరులును ఇట్లే యందురు. పెద్దల విషయమున ఇది వేడుక మాటయే. కాని మూడు నెలల పసికందుకు పాలు పట్టిన ప్రతి పర్యాయము పొలమారుచున్నను అదే మాట యని ఊరకుండుట వేడుక కాదు. కోవిల్పట్టిలోను విరుదునగరములోను మన కుటుంబములలో ఈ యుపేక్ష నేటికిని కలదు. బిడ్డ పాలు త్రాగకున్న దిష్టి యందురు. బక్కచిక్కిన "వీని తండ్రియు చిన్ననాట నిట్లే యుండెను" అందురు. మాటిమాటికి దగ్గు వచ్చిన శైత్య శరీర మందురు. తల్లికి పాలు పట్టుట చేతకాదని నింద వేయువారును లేకపోలేదు. అన్నిటికంటె అన్యాయమైనది ఈ నిందయే.

చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడు పనులును వరుస తప్పక జరిగినగాని పాలు కడుపున చేరవు. గర్భమున సుమారు 34 వారములు గడచినగాని ఈ మూటికి పొందిక కుదురదు. కావున నెలలు నిండక పుట్టిన బిడ్డలకు కష్టము సహజము. అంగిట చీలిక గల బిడ్డకు పాలు ముక్కునుండి వచ్చును. గుండెజబ్బు గల బిడ్డ నాలుగు గుక్కలకే చెమటపట్టి అలసిపోవును. పుట్టుకలో మెదడు దెబ్బతిన్న బిడ్డకు నాలుక, దవడ స్వాధీనమున నుండవు. కొందఱకు పాలు ఊపిరితిత్తులలోనికి పోవుచున్నను దగ్గైనను రాదు. పదేపదే వచ్చు న్యుమోనియాయే అట్టి యింట కనబడు గుర్తు.

ఇట్టి బిడ్డలను పరీక్షించుటకు ఒక పద్ధతి కలదని మనలో పెక్కుమందికి తెలియదు. ఛాతీపై గొట్టముపెట్టి చూచి మందు వ్రాసి యిచ్చుటతో అది ముగియదు. తల్లి చెప్పునది యంతయు వినవలెను. బరువును ఎదుగుదల పట్టికలో పోల్చి చూడవలెను. నోరు, అంగిలి, నాలుక పరిశీలింపవలెను. తుదకు తమ కన్నులెదుట పాలు పట్టించి చూడవలెను. ఎంతసేపు పట్టెను, పెదవులు నీలి చేరెనా, త్రాగిన పిదప గొంతు గురగుర లాడెనా యని గమనించుట ఇందలి ముఖ్య భాగము. స్పీచ్ థెరపిస్టులు మాట కొఱకే గాక మ్రింగుట కొఱకును తర్ఫీదు పొందినవారు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్య నేర్పుచున్నది. అనుమానము తీరనిచో బేరియము కలిపిన ఆహారము మ్రింగించి, అది పోవు దారిని ఎక్స్‌రేతో కదలు చిత్రముగా చూతురు. అందఱకును ఇది యవసరము లేదు.

ఆసుపత్రిలో మాటలాడునది ఎవరు? మగవారము ముందు నిలిచి "బిడ్డ పాలు త్రాగుట లేదు" అని ఒక్క ముక్కలో ముగింతుము. రేయింబవళ్ళు పాలు పట్టు తల్లియు అవ్వయు వెనుక నిలుతురు. తమిళము రాక కాదు, బజారులో మనవలె ధారాళముగా మాటలాడువారెవరు? అయినను బిడ్డ సంగతులన్నియు ఆడువారి నోట తెలుగుననే యున్నవి. "పొలమారుట" అనక "పురైయేఱుదల్" అనినచో వైద్యుడు తక్షణమే గ్రహించును. ఆమెనే మాటలాడనిండు. పోవుటకు ముందు మూడు దినములు గడియారము చూచి ఎంతసేపు త్రాగుచున్నదో వ్రాసియుంచుడు. ప్రతిసారి అరగంట దాటినచో అదియే చెప్పదగిన సంగతి. పాలు పట్టునపుడు సెల్‌ఫోనులో చిత్రము తీసికొని, ఇంటి గిన్నెయు వెంట కొనిపోవుడు.

ఉగ్గుగిన్నెను తృణీకరింప బనిలేదు. తమిళులు పాలాడై యను నట్టి గిన్నెతోనే ఆసుపత్రులలో నెలలు తక్కువ బిడ్డలకు పాలు పట్టుచున్నారు. బిడ్డను వెల్లకిల పండబెట్టి, ముక్కు మూసి, ఆముదము గొంతున పోయుట మాత్రము మానవలెను. నూనె ఊపిరితిత్తులలో చేరిన సులభముగా వెలికి రాదు.

కోవిల్పట్టి కడలై మిట్టాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన కందఱకును సంతోషమే. వేరుసెనగ బేరము చేయువాడనయ్యును ఒక మాట చెప్పవలసియున్నది. అయిదేండ్లు నిండని బిడ్డ చేతికి గింజగా నున్న వేరుసెనగ ఈయకుడు. మన దేశమున బిడ్డల శ్వాసనాళమునుండి వైద్యులు వెలికిదీయు వస్తువులలో అది ముందు వరుసలోనిది. గింజ నోటనుండగా ఉక్కిరిబిక్కిరి యైన బిడ్డను, దగ్గు తగ్గినను, చూపించియే తీరవలెను.

ఇంకొక సంగతి వ్రాయుటకు మనసు వెనుదీయుచున్నది. పది పండ్రెండేండ్లు వచ్చియు కూర్చుండలేని బిడ్డలు మన యిండ్ల వెనుక గదులలో ఉన్నారు. పండబెట్టియే వారికి గంజి పోయుదురు. పెండ్లిండ్లకు తీసికొనిరారు. తల నిలుపునట్లు ఆనించి కూర్చుండబెట్టుట, గంజి చిక్కదనము మార్చుట వంటి స్వల్ప మార్పులతోనే కొందఱి కష్టము తగ్గును. ఏ మార్పు ఎవరికి తగునో పరీక్షించినవారు చెప్పవలెను.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్ల వఱకు పరీక్షయు చికిత్సయు ఉచితము. చీలిన పెదవి, అంగిలి అందు చేరియున్నవి. విరుదునగరమున ప్రభుత్వ వైద్యకళాశాల 2022 జనవరిలో ప్రారంభమైనది. కోవిల్పట్టి వారికి తూత్తుకుడి, తిరునెల్వేలి కళాశాలల ఆసుపత్రులు కలవు. తోడులేక వెనుకాడు తల్లులతో పోవుటకు సమ్మతించు సోదరీమణులు తమ పేరులను సంఘ కార్యాలయమున వ్రాయించవలెను. బస్సు ఖర్చులు సంఘమే భరించుటకు రాబోవు కార్యవర్గ సమావేశమున తీర్మానము ప్రతిపాదింతును.