ఘాటు వేరు, నిండుదనం వేరు

తల గిర్రున తిరిగితేనే అది గొప్ప సిగార్ అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కాదు బాస్. తల తిప్పేది నికోటిన్, అది ఘాటు. ‘ఫుల్ బాడీ’ అంటే నోరంతా నిండినట్టుండే పొగ. పల్చటి మజ్జిగకీ మీగడ పెరుగుకీ ఉన్న తేడా లాంటిదన్నమాట. ఇక మిరియాలా, కాఫీనా, తోలు వాసనా అన్నది మూడో లెక్క, రుచి. ఈ మూడిటికీ మార్కులు విడివిడిగా వేయాలి.

క్యూబా సిగార్ పార్తాగాస్ సీరీ డి నంబర్ 4 సంగతే చూడండి. 1845లో హవానాలో పుట్టిన బ్రాండ్. పొడవు 124 మిల్లీమీటర్లు, మందం దాదాపు 20. లోపలి ఆకుల్లో లిహేరో అనేది కీలకం. మొక్క పైభాగంలో ఎండ బాగా తిని మందంగా, జిడ్డుగా పెరిగే ఆకు అది. నెమ్మదిగా కాలుతుంది కాబట్టి మధ్యలో పెట్టి చుడతారు. నిండుదనం చాలామటుకు దాని చలవే.

ఖాళీ కడుపుతో మాత్రం కూర్చోవద్దు, వాంతొస్తుంది. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. పొగని నోట్లోనే తిప్పి వదిలేయాలి. గబగబా లాగితే వేడెక్కి చేదొస్తుంది. ఆ తప్పు సిగార్‌ది కాదు, మనది. మొత్తాన్ని మూడు భాగాలుగా చూడండి. నాకు మొదట్లో మిరియాల కారం తగిలింది. మధ్యలో ఎండు కర్ర, కాఫీ. రుచి అలా మారుతూ పోతే మంచి మార్కులు. చివరిదాకా ఒకటే కారమైతే కోత పెట్టేయండి.

‘పొగ లోపలికి పీల్చం కదా, ఏం కాదు’ అంటారు చూడండి, అది మాత్రం నమ్మకండి. నికోటిన్ నోటి పొరల్లోంచే ఒంట్లోకి ఎక్కుతుంది. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఒక సిగరెట్ పెట్టెకి సరిపడా పొగాకు ఉండొచ్చు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ముప్పు నిజం. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పుని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ రావడం డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నదే. 

నా లెక్కలో నిండుదనానికి పదికి 9, రుచికి 8. ‘మళ్లీ తాగుతావా?’ అంటే, మూడో భాగం ముట్టకుండానే పక్కన పెట్టేశా. మార్కులు వేయడానికి ఆ రెండు భాగాలు చాలు.